శనివారం కూడిక పెట్టుకుంటున్న మేనకోడలికి

ఒంగోలు

ప్రియమైన బుజ్జికి,

అత్త ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా దేవుని కృపవల్ల క్షేమం. మీ మామయ్య మోకాళ్ళు ఎప్పటిలాగే మూలుగుతున్నాయి. అక్కడ మీరిద్దరూ, చంటోడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మొన్న రాత్రి పడుకునే వేళకు మీ నాన్న ఫోన్ చేశాడు. వాడు వేళగాని వేళ ఫోన్ చేస్తే నాకు ముందు కాళ్ళు చల్లబడతాయి. "అక్కా, నీ మేనకోడలు చర్చికి పోవడం మానేసిందంట. మియాపూర్ ఫ్లాట్లోనే పదిమందిని పోగేసి బైబిల్ స్టడీ అంటోందంట. దానికి నువ్వంటేనే కాస్త భయం, నువ్వే గడ్డి పెట్టాలి" అన్నాడు. సరేలే అని పెట్టేశాను. పెట్టేశాక మీ మామయ్యకు చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆయన గురక పెట్టాడు, నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

నవ్వు ఎందుకంటే, మన ఇంట్లో ఈ పనికి పూనుకున్న మొదటి ఆడదానివి నువ్వు కాదు. నిద్ర ఎందుకు పట్టలేదంటే, ఆ మొదటి ఆవిడ మీ నాయనమ్మ, ఆమె కథ నీకు సగమే తెలుసు. మిగతా సగం మీ నాన్నకే సరిగా తెలియదు, అప్పుడు వాడు కావలిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఫోన్లో చెబితే నువ్వు "ఆఁ, ఆఁ" అంటూ ఇంకో పని చేసుకుంటావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

ముందు ఒక మాట. ఇదేదో మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు కనిపెట్టినట్టు మాట్లాడకు. చిన్నప్పుడు సెలవులకు వస్తే నిన్ను సాయంత్రం పూట ప్రార్థన కొండ ఎక్కించేవాళ్ళం, గుర్తుందా? 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ కొండ మీద మోకరించింది ఎంతమంది? అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, మనవాళ్ళు ముగ్గురు: క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. మొత్తం ఐదుగురు. అప్పటికి అమెరికాలో వాళ్ళ పెద్దలు ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా ఉంచుదామా అని తర్జనభర్జన పడుతున్నారు. తర్వాత వచ్చిన మిషనరీ క్లౌ దొర కాలంలో, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అయిందని మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. పెద్ద లెక్క గనక నోటికి వస్తుంది. నీకు పనికొచ్చేది మాత్రం కొండ మీది చిన్న లెక్కే.

ఇంకా వెనక్కి పోతే, పౌలు రోమీయులకు రాస్తూ ప్రిస్కిల్ల, అకుల వాళ్ళ ఇంట్లో ఉన్న సంఘానికి వందనాలు చెప్పాడు. లవొదికయలో నుంఫా ఇల్లు, ఇంకోచోట ఫిలేమోను ఇల్లు. ఉన్నవే ఇళ్ళు. మన దగ్గరా అంతే. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి, తర్వాత నరసాపురంలో పనిచేసిన బౌడెన్, బీర్ దొరలు పెద్ద చర్చిల పద్ధతి వద్దనుకుని వచ్చినవాళ్ళే. 1941లో మద్రాసులో బోధకుడు భక్తసింగ్ గారు మొదలుపెట్టిందీ అలాంటిదే. గోల్కొండ చౌరస్తాలో ఆయన సంఘం వాళ్ళ హెబ్రోను ఇప్పుడు ఎంత పెద్దదో హైదరాబాదులో ఉన్నదానివి, నీకే బాగా తెలుసు. చర్చి ఇరుకైందని బయటికొచ్చినవాళ్ళలో ఎక్కువమంది కొన్నాళ్ళకు తామూ ఒక బోర్డూ, ఒక ప్రహరీ కట్టుకున్నారు. తప్పనడం లేదు. నువ్వూ అటే పోతావేమోనని ముందే చెవిన వేస్తున్నాను.

నువ్వు ఎందుకు విసిగావో నాకు తెలియక కాదు. చెవులు పగిలే సౌండు బాక్సులు, దశమభాగం, అంటే సంపాదనలో పదోవంతు, ఇవ్వనివాళ్ళ మీద ప్రసంగాలు, కమిటీ ఎలక్షన్లు, కోర్టు కేసులు. అర్థం కాలేదని అడిగితే "విశ్వాసంతో తీసుకోండి" అని జవాబు. నేనూ అదే బెంచీ మీద కూర్చుని అదే సణిగానమ్మా. సణిగి మళ్ళీ ఆదివారం పోయాను, అంతే తేడా.

ఇక పని సంగతి. మార్కు సువార్తతో మొదలుపెట్టు. పదహారు అధ్యాయాలు, వారానికి ఒకటి, తొందర లేదు. ప్రకటన గ్రంథం జోలికి ఇప్పుడే పోకు, ఎవడో ఒకడు 666 పట్టుకుని కూర్చుంటే కూడిక అక్కడే ఆగిపోతుంది. గంటన్నర దాటనివ్వకు. పౌలంతటివాడు త్రోయలో అర్ధరాత్రి దాకా మాట్లాడితే ఐతుకు అనే కుర్రాడు నిద్రలో తూగి మూడో అంతస్తు నుంచి కింద పడి చనిపోయాడు. పౌలు దిగి వెళ్ళి వాడిని లేపాడు. మీది ఎనిమిదో అంతస్తు. మీలో ఎవరికి అంత విశ్వాసం ఉందో ముందే చూసుకో.

టీ, బిస్కట్లు చాలు. ఒక వారం బిర్యానీ పెట్టావంటే మరుసటి వారం పెట్టలేనివాళ్ళు రావడం మానేస్తారు. పాటలు ఒకటి రెండు, కీబోర్డు లేకుండా. కింది ఫ్లాటు వాళ్ళకు నువ్వే స్వయంగా వెళ్ళి చెప్పు, వాచ్‌మన్‌కు కూడా. మన ఇంట్లో మనం ప్రార్థన చేసుకోవడానికి దొంగచాటు అక్కర్లేదు. మైకు పెట్టావంటే మాత్రం ఒంగోలు నుంచి వచ్చి నేనే కంప్లైంట్ ఇస్తాను.

వచ్చేవాళ్ళలో సీఎస్‌ఐ వాళ్ళున్నారు, లూథరన్ వాళ్ళున్నారు, ఇద్దరు హెబ్రోను వాళ్ళు, ఒకరు పెంతెకొస్తు అని మీ నాన్న లిస్టు చదివాడు. అంటే బాప్తిస్మం చిలకరింపా ముంచడమా, ముసుగు వేసుకోవాలా వద్దా, నగలు పెట్టుకోవచ్చా అనేవి ఎప్పుడో ఒకప్పుడు లేస్తాయి. లేచినప్పుడు ఎవరి సంఘం పద్ధతి ఏమిటో ఒకసారి చెప్పించి, తిరిగి మార్కు దగ్గరకు రా. తీర్పు చెప్పకు. బాప్తిస్మం, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఎవరి సంఘంలో వాళ్ళు తీసుకోవాలి. నువ్వు రొట్టె విరవబోయావంటే ఆ రోజే నీది ఇంకో సంఘమైపోతుంది.

చదవడం గురించి కాస్త వివరంగా రాయాలి. డిసెంబరు 31 రాత్రి పళ్ళెంలో బైబిల్ వచనాలు రాసిన వాగ్దానం కార్డులు పెడతారు గదా, ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకుంటాం. నీ పెళ్ళయిన ఏడు నీకు యిర్మీయా 29:11 వచ్చింది. ఫ్రేము కట్టించి హాల్లో తగిలించావు. దేవుడు మన గురించి ఆలోచించేవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని. మంచి వచనమే. దానికి ముందున్న పదో వచనం ఎప్పుడైనా చూశావా? డెబ్బై ఏళ్ళు అని ఉంది. బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. ఇళ్ళు కట్టుకుని కాపురముండండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చెయ్యండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అని రాశాడు. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది యెరూషలేమును మళ్ళీ చూడకుండానే పోయి ఉంటారు. ఇదంతా చెప్పడానికి ఆదివారం ఎవరికీ తీరిక ఉండదు. శనివారం నీ హాల్లో ఉంటుంది. ముందూ వెనకా చదువుకోవచ్చు, "నాకు అర్థం కాలేదు" అని సిగ్గుపడకుండా అనొచ్చు. నువ్వు తలపెట్టిన పనిలో నాకు నచ్చింది ఇదే.

మీ నాయనమ్మ పద్ధతి చెబుతాను విను. ఆమె మిషన్లో బైబిల్ ఉమన్‌గా, అంటే ఆడవాళ్ళకు బైబిల్ చెప్పే ఉద్యోగం చేసిందని నీకు తెలుసు. రిటైరయ్యాక శుక్రవారం మధ్యాహ్నాలు మన పాత ఇంటి వసారాలో ఈత చాపలు పరిచి కూడిక పెట్టేది. వచ్చేవాళ్ళలో సగం మంది పొగాకు గ్రేడింగ్‌కు పోయే ఆడవాళ్ళు. చదువు రాని మనిషిని తన పక్కనే కూర్చోబెట్టుకుని, చీపురుపుల్లతో అక్షరం అక్షరం చూపిస్తూ చదివించేది. ఆ చీపురుపుల్లే ఆమెకు బైబిల్లో గుర్తు కూడా. ఒక భాగం చదివాక పెద్ద ప్రసంగమేమీ ఉండేది కాదు. ఇక్కడ ఎవరెవరున్నారు, ఎవరేమన్నారు, నువ్వు ఆ గుంపులో ఉంటే ఎక్కడ నిలబడి ఉండేదానివి అని అడిగి, నోరు మూసుకుని కూర్చునేది. అడగడం కంటే కూర్చోవడమే కష్టం.

ఒకసారి మార్కు ఐదో అధ్యాయంలో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడ్డ స్త్రీ గురించి చదువుతున్నారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. గ్రేడింగ్‌కు పోయే ఒకావిడ మెల్లగా, "ఆ పన్నెండేళ్ళూ ఆమె చేతి వంట ఎవరైనా తిన్నారామ్మా?" అంది. నేను అప్పటికే టీచరు ట్రైనింగ్ అయిపోయి ఉద్యోగంలో ఉన్నాను, నాకు తట్టలేదు. ఆ తర్వాత ఆ భాగం మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో గాని ఆ ప్రశ్న ఇంకెవరి నోటా వినలేదు. కాబట్టి లాప్‌టాప్‌ను టీవీకి తగిలించి, ఆఫీసులో చూపించినట్టు పేజీలు చూపించకు. నీకు మాట చాతుర్యం ఉంది, అదే నా భయం. నువ్వు బాగా చెబితే వాళ్ళు వింటూ కూర్చుంటారు. వినేవాళ్ళ కోసమైతే చర్చి ఉండనే ఉంది.

ఇప్పుడు ఆ రెండో సగం.

ఆ శుక్రవారపు కూడిక ఎందుకు ఆగిపోయిందంటే మీ నాన్న "అమ్మకు వయసైపోయింది" అంటాడు. అది కాదు. గ్రేడింగ్‌కు పోయే ఇంకో అమ్మాయి ఉండేది, పాతికేళ్ళు కూడా ఉండవు. తల్లీతండ్రీ లేక చెల్లెల్ని తనే పెంచింది. ఒక శుక్రవారం అందరూ లేచిపోతున్నా ఆ అమ్మాయి కూర్చునే ఉంది. పొగాకు జిగురుకు వేళ్ళు గోధుమరంగు తిరిగి ఉన్నాయి, ఆ వేళ్ళతోనే చాప ఈనెలు పీకుతూ చెప్పింది. చెల్లెలికి సంబంధం కుదిరింది, మనవాళ్ళే, మంచి కుటుంబం. ఆ పిల్లకు చిన్నప్పుడు మూర్ఛ వచ్చేది, మందులు వాడితే తగ్గింది, ఈ మధ్య రావడం లేదు. వాళ్ళకు చెప్పాలి. ఎప్పుడు చెప్పాలి, ఎవరితో చెప్పించాలి, చెబితే ఏమవుతుంది? "ప్రార్థన చెయ్యండి అమ్మగారూ" అంది. మీ నాయనమ్మ ఆ అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి మెల్లగా ప్రార్థించింది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది.

ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం. మీ నాయనమ్మను ప్రార్థన చెయ్యమన్నారు. ఆమె గొంతు గేటు దాకా వినిపించేదని ఊళ్ళో పేరు. "పెళ్ళి కుదిరిన బిడ్డ ఒకతె ఉంది ప్రభువా, అక్కే తల్లిగా పెరిగిన బిడ్డ. ఆ మూర్ఛ జబ్బును నీ గాయపడిన చేతితో ముట్టు" అని కన్నీళ్ళతో ప్రార్థించింది. పేరు ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు గదా, ఆ నెలలో అక్క పెంచిన పిల్లకు పెళ్ళి కుదిరింది ఒక్కచోటే. పెళ్ళికొడుకు పెద్దమ్మ అక్కడే కూర్చుని ఉంది. అందరితో పాటు ఆమె కూడా ఆమేన్ అంది.

బుధవారానికల్లా ప్రధానం చీర తిరిగి పంపమని కబురొచ్చింది.

దాచి పెళ్ళి చెయ్యడం మాత్రం న్యాయమా అత్తా అంటావు. కాదు. ఆ అమ్మాయీ దాచాలని రాలేదు, ఎలా చెప్పాలో తెలియక వచ్చింది. తన నోటితో, తన సమయంలో, ఆ పిల్లను పక్కన పెట్టుకుని, డాక్టరు కాగితం చూపించి చెప్పుకోవలసిన మాట అది. ముందే ఇంకొకరి నోట, కళ్ళు మూసుకున్న నలభై మంది ముందు బయటపడింది. ఇక ఆ పిల్ల తరఫున చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. దాచిపెట్టారు అనే పేరొకటి మిగిలింది.

మీ నాయనమ్మ వాళ్ళింటికి వెళ్ళింది, నన్ను వెంటబెట్టుకుని. రేకుల ఇల్లు, మధ్యాహ్నం ఎండ. ఆ అమ్మాయి స్టూలు వేసింది, స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చింది, మర్యాదకు ఏ లోటూ చెయ్యలేదు. మీ నాయనమ్మ ఏదో చెప్పబోతే ఆపి, "దేవుడికి చెవుడు లేదు గదా అమ్మగారూ, అంత గట్టిగా ఎందుకు చెప్పారు?" అంది. కోపంగా కూడా అనలేదు. నిజంగానే అడిగింది. మా అమ్మకు జవాబు దొరకలేదు. నేను టీచర్ని, పక్కన ఉండి నేనూ ఏమీ అనలేకపోయాను.

ఆ తర్వాత ఎవరూ పోట్లాడలేదు. గ్రేడింగ్ పని ఎక్కువైందని ఒకరు, ఊరెళ్తున్నామని ఒకరు, అలా ఒక్కొక్కరే తగ్గిపోయారు. తమ ఇంటి మాట కూడా ఏ ఆదివారం ఎవరి ప్రార్థనలో వినాల్సివస్తుందోనని వాళ్ళ భయం. చాపలు అటకెక్కాయి. ఆ చెల్లెలికి తర్వాత చీరాల సంబంధం కుదిరింది, పిల్లలు కూడా. దాంతో లెక్క సరిపోయిందని చెప్పడానికి మాత్రం ఇది రాయడం లేదు.

నీకు తెలిసిన నాయనమ్మ కుటుంబ ప్రార్థనలో పెదవులు మాత్రమే కదిపేది. "నాయనమ్మా, గట్టిగా చెయ్యి, వినబడటం లేదు" అని నువ్వు గోల చేసేదానివి. ముసలితనం అనుకున్నావు, మీ నాన్నా అలాగే అనుకున్నాడు. గొంతు చివరిదాకా బాగానే ఉంది, పాట పాడితే అదే గొంతు. ఇంకొకరి కోసం చేసే ప్రార్థన మాత్రం ఆ రోజు నుంచి ఎవరికీ వినబడలేదు. ఆమెను తక్కువ చెయ్యాలని కాదు బుజ్జీ. ఆ అమ్మాయి మీద ప్రేమతోనే చేసింది. ప్రేమతో చేస్తోంది గనకనే ఎవరికీ ఆపాలని తోచలేదు.

చర్చిలో రెండొందల మంది మధ్య మనం ఎవరికీ ఏమీ చెప్పుకోం. చిన్న గదిలో, మూడు నాలుగు వారాలు కలిసి చదివాక, టీ గ్లాసు చేతిలో ఉండగా చెప్పేస్తాం. మొగుడు తాగొస్తున్నాడని, ఉద్యోగం పోయి మూడు నెలలైనా ఇంట్లో చెప్పలేదని, దేవుడు ఉన్నాడో లేడో అనిపిస్తోందని. నీ హాల్లో చెబుతారు, రాసిపెట్టుకో. సామెతలు 11:13 చదువు: "కొండెగాడై తిరుగులాడువాడు పరుల గుట్టు బయటపెట్టును." కొండేలు చెప్పేవాళ్ళను ఎలాగోలా పట్టుకోవచ్చు. ప్రార్థన మనవి అనే పేరుతో గుట్టు బయటికి పోతే పట్టుకోలేం.

పైగా మీ నాయనమ్మ గొంతు గేటు దాకానే. నీ వాట్సాప్ అమెరికా దాకా పోతుంది. గ్రూపు పెట్టుకో, వద్దనను. అందులో ఏ అధ్యాయం, ఎన్ని గంటలకు, అంతే ఉండాలి. ప్రార్థన మనవులు అందులో రాయనివ్వకు. పేరు లేకుండా రాస్తే పర్వాలేదు అంటారు, పేరు లేకుండా ఏమైందో ఇప్పుడే చదివావు. మనవులు నోటితో, ఆ గదిలోనే. రాని వారం ఏం జరిగిందని అడిగితే మీ ఆయనకు కూడా చెప్పకు. ఈ నియమం మొదటి శనివారమే చెప్పెయ్. ఐదో వారం చెబితే ఎవరినో ఉద్దేశించి అన్నావని ముఖాలు ముడుచుకుంటాయి. ఒక్క మినహాయింపు ఉంది. ఎవరైనా ఇంట్లో దెబ్బలు తింటున్నా, పిల్లల మీద ఎవరైనా చెయ్యి వేస్తున్నా, చచ్చిపోవాలనుందని అన్నా ప్రార్థన చేసి పంపించెయ్యకు. డాక్టరు దగ్గరకో పోలీసుల దగ్గరకో, ఆ మనిషికి చెప్పి, తోడుగా నువ్వే వెళ్ళు.

ఫొటోలు కూడా వద్దు. "సహవాసపు సంతోషం" అని పదిమంది నవ్వుతున్న ఫొటో స్టేటస్‌లో పెడతావు. అందులో ఒకమ్మాయి అత్తగారింట్లో చెప్పకుండా వచ్చి ఉంటుంది. ఇంకొకరి ఇంట్లో బీరువాలో ఏ కుల సర్టిఫికెట్ ఉందో నీకు తెలియదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, మనల్ని కలపలేదు. మన దగ్గర ఎస్సీల్లోంచి క్రైస్తవులైనవాళ్ళను బీసీ-సీలో పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. దీని మీద మన కుటుంబాల్లో ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని రాత్రుళ్ళు మాటలు నడిచాయో నీకు చెప్పనక్కర్లేదు. అది న్యాయమా కాదా అన్నది శనివారం తేలే విషయం కాదు. ఎవరి సంగతి వాళ్ళు తేల్చుకోవాలి, నీ ఫొటో తేల్చకూడదు.

మీ ఆఫీసులో హిందువుల అమ్మాయి కూడా వస్తానంటోందట. సంతోషం. ఇంట్లో చెప్పి రమ్మను. ఆమె ఎదుట గాని చాటున గాని "అన్యులు" అనే మాట ఎవరి నోటా రానివ్వకు. విని వెళ్తానంటే విని వెళ్ళనీ, ఎప్పుడు రక్షణ పొందుతావని వెంటపడకండి.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మీ ఇంట్లో పనికి వచ్చే ఆవిడ కూడా విశ్వాసే, మీ బాబు పుట్టినప్పుడు వచ్చి ఉన్నాను గదా, గిన్నెలు తోముతూ పాటలు పాడుతుంది. శనివారం సాయంత్రం ఆమె ఆ హాల్లో టీ అందిస్తుందా, కూర్చుంటుందా? కూర్చుంటే ఎక్కడ? సోఫాలో మీ టీమ్ లీడర్ పక్కనా, వంటింటి గుమ్మం దగ్గర కిందా? కొరింథు వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు ముందే తినేసి, లేనివాళ్ళు ఆకలితో ఉంటే పౌలు ఎలా మండిపడ్డాడో మొదటి కొరింథీయులకు పదకొండో అధ్యాయంలో ఉంది. మన ఊళ్ళో చర్చిల్లో ఏ బెంచీ ఎవరిదో చెప్పకుండానే అందరికీ తెలిసిన రోజులు నేను చూశాను. అది తప్పించుకునే గదా నువ్వు ఇంట్లో పెట్టుకుంటున్నావు. అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటే ఆవిడ వస్తుందా? తెలుగులో నడుపు.

డబ్బు డబ్బా పెట్టకు. ఎవరికైనా కష్టం వస్తే ఎవరికి తోచింది వాళ్ళు నేరుగా ఇవ్వాలి. అకౌంటు, ట్రస్టు, రిజిస్ట్రేషన్ అనే మాట ఎవరెత్తినా ఆ వారం టీ కూడా పొయ్యకు. మందులు మానేసి విశ్వాసం చూపించమని ఎవరైనా అంటే అక్కడికక్కడే ఆపు, ఎంత పెద్దవాళ్ళైనా సరే.

చర్చి సంగతి చివర రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ మనిద్దరికీ కుదరదు. మానొద్దు. శనివారం ఇంట్లో, ఆదివారం చర్చిలో. "సమాజముగా కూడుట మానక" అనే వచనం చూపించి బెదిరించను, దానికి నువ్వు "ఇద్దరు ముగ్గురు" నా పేరట కూడినా వాళ్ళ మధ్య ఉంటానని ఏసు అన్న వచనం చూపిస్తావు. లోకం సంగతే చెబుతాను. రేపు మీ బాబుకు పెళ్ళి చెయ్యాలంటే 1872 నాటి క్రిస్టియన్ మ్యారేజీ చట్టం ప్రకారం లైసెన్సున్న పాస్టరుగారో రిజిస్ట్రారో కావాలి. మీ నాన్నకో నాకో కాలం తీరితే సమాధుల తోటలో చోటు కోసం చర్చి వాళ్ళ లెటరు కావాలి. చందా కట్టకుండా, ముఖం చూపించకుండా పదేళ్ళు ఉండి ఆ రోజు పోయి నిలబడితే ఏం మాట్లాడతారో, ఎన్నాళ్ళ బకాయి లెక్కలు తీస్తారో మన చుట్టాల్లోనే చూశాం. నీ కూడికలో అంతా ముప్ఫై, నలభై ఏళ్ళ వాళ్ళే. మీలో పోయినవాళ్ళు ఇంకా లేరు గనక ఇది మీకు తట్టదు. ఆదివారం వెనక బెంచీలో కూర్చో, ప్రసంగం నచ్చకపోతే కీర్తనల పుస్తకం తిరగెయ్యి, చందా మాత్రం రసీదు తీసుకుని కట్టు. అక్కడ ఊతకర్రతో ఒంటరిగా వచ్చే ముసలివాళ్ళుంటారు, వాళ్ళు మీ ఎనిమిదో అంతస్తుకు రాలేరు. వాళ్ళ పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి.

మీ నాన్నతో నేను గట్టిగా తిట్టానని చెప్పాను, నువ్వూ అలాగే చెప్పు. నాకు గర్వంగా ఉందన్న సంగతి వాడికి తెలియనక్కర్లేదు. మా అమ్మ బైబిలు ఇక్కడే నా దగ్గరుంది, అట్టలు ఊడాయి. బైండింగ్‌కు ఇచ్చి తెస్తాను, మార్కు మొదలెట్టేటప్పుడు నీ దగ్గర ఉంచుకో.

వచ్చే నెల కంటి పరీక్షకు హైదరాబాదు వస్తున్నాను. మామయ్య రాడు, రైలెక్కలేనంటున్నాడు. శనివారం కలిసొస్తే మీ కూడికలో కూర్చుంటాను. పెద్దావిడ వచ్చింది గదా అని నన్ను రెండు మాటలు చెప్పమని అడగకు, ముగింపు ప్రార్థన కూడా వద్దు. కుర్చీ మాత్రం వెయ్యి, కింద కూర్చుంటే లేవలేను.

ఇట్లు,
మీ అత్త